ఇత్తడి ఆవిరి ఇంజను: నమూనా నిర్మాణం, చరిత్ర ఆధారాలు

విషయక్రమం

1. లక్ష్యాలు
2. పరిచయం
3. నమూనాలు చరిత్రను మార్చిన సందర్భాలు
4. నిజాం రైల్వే: నమూనాకు నేపథ్యం
5. తార్నాక, విశ్వవిద్యాలయ ప్రాంగణం
6. ఇత్తడి నమూనా నిర్మాణం
7. వివరాల అమరిక: ఆధారాల పరీక్ష
8. నమూనా చెప్పలేని చరిత్ర
9. సారాంశం
10. ముఖ్య పదాలు
11. మీ ప్రగతిని పరిశీలించుకోండి
12. మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:

- యంత్ర నమూనాను చరిత్ర ఆధారంగా ఎలా వాడుకోవచ్చో వివరించగలుగుతారు.
- హైదరాబాదు రాజ్యంలో రైల్వేల విస్తరణలోని ముఖ్య ఘట్టాలను కాలక్రమంలో చెప్పగలుగుతారు.
- ఇత్తడి ఇంజను నమూనా తయారీలోని దశలను, ప్రతి దశ వెనుక ఉన్న కారణాన్ని గుర్తించగలుగుతారు.
- నమూనాలోని ఒక వివరం సరైనదో కాదో ఆధారాలతో పరీక్షించగలుగుతారు.

2. పరిచయం

చరిత్ర ఆధారాలు అనగానే శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, ప్రభుత్వ దస్త్రాలు గుర్తుకు వస్తాయి. యంత్రాల చరిత్ర రాయడానికి ఇవి మాత్రమే చాలవు. ఒక ఇంజను ఏ సంవత్సరంలో కొన్నారో, ఎంత ధర పెట్టారో దస్త్రం చెబుతుంది. దాని చక్రానికి, పిస్టనుకు మధ్య ఉన్న కడ్డీలు ఎలా కదిలేవో, ఫైర్‌మన్ నిలబడే చోటు ఎంత ఇరుకుగా ఉండేదో దస్త్రంలో దొరకదు. అందుకు యంత్రాన్నే చూడాలి.

మన దేశంలో ఆ అవకాశం వేగంగా తగ్గిపోయింది. చిత్తరంజన్ కర్మాగారంలో చివరి బ్రాడ్ గేజ్ ఆవిరి ఇంజను 1970లో తయారైంది. 1972తో మీటర్ గేజ్ ఆవిరి ఇంజన్ల తయారీ కూడా ఆగిపోయింది. 1995 చివరికి బ్రాడ్ గేజ్ మీద ఆవిరి ఇంజన్ల రోజువారీ సర్వీసులు ముగిశాయి. కొన్ని ఇంజన్లు మ్యూజియాలకు, స్టేషన్ల ముందు దిమ్మెల మీదికి చేరాయి. మిగిలినవాటిలో చాలా భాగం తుక్కుగా అమ్ముడుపోయాయి.

ఈ ఖాళీని కొంతవరకు పూరించేది కొలతల ప్రకారం చేసిన నమూనా. ప్రపంచమంతటా ఇటువంటి నమూనాలకు ఎక్కువగా వాడే లోహం ఇత్తడి. అయితే ఆటబొమ్మకు, చరిత్ర ఆధారంగా నిలిచే నమూనాకు తేడా ఉంది. ఆ తేడా ఎక్కడ ఉందో తెలుసుకోవడమే ఈ యూనిట్‌లోని ప్రధానాంశం. మన ఉదాహరణలన్నీ సాధ్యమైనంతవరకు హైదరాబాదులోని తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిసరాల నుంచి తీసుకుందాం.

3. నమూనాలు చరిత్రను మార్చిన సందర్భాలు

3.1 గ్లాస్గో విశ్వవిద్యాలయం, 1763-64

స్కాట్లండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పడానికి న్యూకామెన్ ఆవిరి యంత్రం నమూనా ఒకటి ఉండేది. అది సరిగా పనిచేయకపోవడంతో విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసే జేమ్స్ వాట్‌కు అప్పగించారు. బాయిలరు చాలినంత పెద్దదిగానే కనిపించినా యంత్రం కొన్ని సార్లు కదిలి ఆగిపోయేది.

పెద్ద యంత్రం గనుల్లో పనిచేస్తుంటే చిన్నది ఎందుకు ఆగుతుంది? వాట్ ఈ ప్రశ్నను వదలలేదు. చిన్న సిలిండరులో లోపల పట్టే ఆవిరితో పోలిస్తే గోడల వైశాల్యం ఎక్కువ. పైగా నమూనా సిలిండరు ఇత్తడిది. పోత ఇనుము కంటే ఇత్తడి వేడిని త్వరగా బయటికి పంపుతుంది. ప్రతి కదలికకూ సిలిండరును చల్లబరచి మళ్లీ వేడిచేయడంలోనే ఆవిరిలో అధిక భాగం వృథా అవుతోందని అతను గ్రహించాడు. పెద్ద యంత్రంలోనూ ఇదే నష్టం ఉంది. చౌకగా బొగ్గు దొరికే గనుల దగ్గర దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1765లో వాట్‌కు విడి కండెన్సర్ ఆలోచన వచ్చింది. 1769లో పేటెంటు లభించింది. పారిశ్రామిక విప్లవాన్ని ముందుకు నడిపిన మార్పుల్లో ఒకటి ఇలా ఒక ప్రాంగణంలోని బోధనా నమూనా నుంచి పుట్టింది.

3.2 జపాన్, 1854-55

1854లో అమెరికా నౌకాదళాధికారి పెర్రీ జపాన్‌కు తెచ్చిన కానుకల్లో నాలుగో వంతు పరిమాణంలో చేసిన ఆవిరి రైలు ఉంది. యోకొహామాలో వలయాకారంగా పట్టాలు వేసి దాన్ని నడిపారు. లోపల కూర్చునే వీలు లేకపోవడంతో ఒక జపాన్ అధికారి పెట్టె కప్పు మీద కూర్చుని తిరిగాడు. మరుసటి సంవత్సరం, 1855లో, సాగా సంస్థానంలోని పనివారు తామే ఒక చిన్న ఆవిరి ఇంజను నమూనా తయారుచేసి నడిపించారు.

దీనితో జపాన్‌లో వెంటనే రైల్వేలు రాలేదు. 1872లో అక్కడి మొదటి మార్గం ప్రారంభమైనప్పుడు బ్రిటన్ ఇంజన్లనే వాడారు. జపాన్‌లో పూర్తి పరిమాణపు ఇంజను 1893లో కోబె వర్క్‌షాపులో తయారైంది. అయినా యంత్రాన్ని విప్పి చూసి, చిన్నదిగా చేసి నేర్చుకునే అలవాటు అక్కడ ముందే మొదలైందని సాగా నమూనా చూపుతుంది.

3.3 బొమ్మ నుంచి సేకరణ వస్తువు దాకా

19వ శతాబ్దంలో బ్రిటన్‌లో స్పిరిట్ దీపంతో నడిచే చిన్న ఇత్తడి ఇంజన్లు సంపన్నుల పిల్లలకు బొమ్మలుగా అమ్ముడయ్యేవి. దారిపొడవునా నీళ్లు కార్చుకుంటూ పోయేవి కనుక వాటికి వేళాకోళపు పేర్లు కూడా పెట్టారు. 1891లో జర్మనీకి చెందిన మార్‌క్లిన్ సంస్థ బొమ్మ రైలు పట్టాలకు ప్రామాణిక వెడల్పులు ప్రవేశపెట్టింది. 1898లో లండన్‌లో ‘మోడల్ ఇంజనీర్’ పత్రిక మొదలైంది. రెండో ప్రపంచయుద్ధం తరువాత జపాన్‌లో ఉన్న అమెరికా సైనికులు అక్కడి కళాకారులు చేసిన ఇత్తడి ఇంజన్లను కొనసాగారు. క్రమంగా అది పెద్ద ఎగుమతి వ్యాపారమైంది. తరువాతి దశాబ్దాల్లో ఆ పనిలో అధిక భాగం దక్షిణ కొరియాకు మారింది.

4. నిజాం రైల్వే: నమూనాకు నేపథ్యం

ఏ ఇంజను నమూనా చేయాలన్నా ముందు ఆ ఇంజను నడిచిన రైల్వే చరిత్ర తెలియాలి. హైదరాబాదు రాజ్యానికి సంబంధించిన ముఖ్య ఘట్టాలు ఇవి.

1874: వాడి నుంచి సికింద్రాబాదుకు బ్రాడ్ గేజ్ మార్గం ప్రారంభమైంది. దీనితో రాజధాని బొంబాయి-మద్రాసు మార్గానికి కలిసింది.

1883: చాందా రైల్వే పథకం వివాదం. రైల్వే విస్తరణను లండన్‌లో ఏర్పడే కంపెనీకి అప్పగించి, దాని పెట్టుబడిపై 20 ఏళ్లపాటు 5 శాతం వడ్డీకి రాజ్యం హామీ ఇవ్వాలన్నది ఒప్పందం. దీని షరతులను ప్రజల ముందు పెట్టాలని కోరినవారిలో డాక్టర్ అఘోరనాథ చటోపాధ్యాయ ముఖ్యుడు. ఈయన సరోజినీ నాయుడు తండ్రి. ప్రభుత్వం ఆయనను రాజ్యం నుంచి బహిష్కరించింది. ఆధునిక హైదరాబాదులో ప్రజాభిప్రాయం బహిరంగంగా వినిపించిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి. ఈ ఒప్పందం నుంచే నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అనే పేరు వచ్చింది. అందులోని ‘గ్యారంటీ’ అనే మాటకు అర్థం ఈ వడ్డీ హామీయే.

1886-1889: మార్గం సికింద్రాబాదు నుంచి వరంగల్లుకు, తరువాత బెజవాడకు చేరింది. డోర్నకల్ నుంచి ఇల్లెందు వైపు శాఖ వేయడంతో సింగరేణి బొగ్గు రైలెక్కింది. ఇంజను బొగ్గును మోసింది. ఆ బొగ్గే ఇంజనును నడిపింది.

1899-1901: గోదావరి లోయ మార్గం పేరుతో హైదరాబాదు నుంచి మన్మాడ్ దాకా మీటర్ గేజ్ మార్గం పూర్తయింది.

1930: కంపెనీ చేతిలోని రైల్వేను నిజాం ప్రభుత్వం కొనుగోలు చేసింది. 1932లో ఇదే రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించింది. నేటి ఆర్టీసీకి అదే మూలం.

1950-1966: హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిసిన తరువాత 1950లో రైల్వే కేంద్రం అధీనంలోకి వెళ్లింది. 1951లో సెంట్రల్ రైల్వేలో భాగమైంది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది.

ఈ కాలపట్టికను గుర్తుపెట్టుకోండి. 1920లలో కొన్న ఒక ఇంజను 1970 దాకా పనిచేసిందనుకుంటే, దాని పక్కన రాసిన యజమాని పేరు కనీసం మూడుసార్లు మారి ఉంటుంది. నమూనా మీద ఏ పేరు రాయాలన్న ప్రశ్నకు సమాధానం ఈ పట్టికలోనే ఉంది.

5. తార్నాక, విశ్వవిద్యాలయ ప్రాంగణం

తీగ కంచె వేసిన నాకా ఉండేది కనుక ‘తార్ నాకా’ అనే పేరు వచ్చిందని తార్నాక గురించి స్థానికంగా చెప్పుకుంటారు. ఈ పేటకు ఒకవైపు ఉస్మానియా విశ్వవిద్యాలయం, మరోవైపు లాలాగూడ రైల్వే ప్రాంతం ఉన్నాయి. ఒకటి పుస్తక విద్యకు, మరొకటి చేతి విద్యకు పేరు పొందాయి.

లాలాగూడ వర్క్‌షాపు 1893లో నిజాం రైల్వే అవసరాల కోసం ఏర్పడింది. కోబెలో పూర్తి ఇంజను తయారైన సంవత్సరం కూడా అదే. 1895లో అజ్మీర్ వర్క్‌షాపు, 1899లో జమాల్‌పూర్ వర్క్‌షాపు భారతదేశంలోనే ఇంజన్లు కట్టి చూపించాయి. ఇక్కడి పనివారికి నైపుణ్యం ఉందనడానికి ఇవి సాక్ష్యాలు. అయినా బ్రిటిష్ పాలనలో ఇంజన్లు ప్రధానంగా బ్రిటన్ నుంచే దిగుమతి అయ్యాయి. మన వర్క్‌షాపుల్లో అత్యధికం మరమ్మతులకే పరిమితమయ్యాయి. స్వతంత్ర భారతంలో 1950లో చిత్తరంజన్ కర్మాగారం ప్రారంభమయ్యాకే పరిస్థితి మారింది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. అంతకు ముందు సంవత్సరమే అనువాద విభాగమైన దారుల్ తర్జుమా మొదలైంది. ఉర్దూ మాధ్యమంలో శాస్త్ర విషయాలు బోధించడానికి పారిభాషిక పదాలు కల్పించడం దాని పని. ఇంజనీరింగ్ కళాశాల 1929లో వచ్చింది. ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది. సికింద్రాబాదు నుంచి కాచిగూడకు వెళ్లే రైలు మార్గం ఈ ప్రాంగణాన్ని ఆనుకుని పోతుంది. సీతాఫల్‌మండి దాటాక ఆర్ట్స్ కాలేజ్, జామియా ఉస్మానియా అనే స్టేషన్లు వస్తాయి. 1990లలో గేజ్ మార్పిడి జరిగేదాకా ఇది మీటర్ గేజ్ మార్గమే.

తార్నాకలోనే భారతీయ రైల్వేల సిగ్నల్ ఇంజనీరింగ్, టెలికమ్యూనికేషన్ల శిక్షణ సంస్థ ‘ఇరిసెట్’ ఉంది. ఇది 1957 నవంబరు 24న ప్రారంభమైంది. ఇక్కడి మోడల్ రూమ్‌లో చిన్న పట్టాలు, సిగ్నళ్ల సహాయంతో రైళ్ల రాకపోకల నియంత్రణను శిక్షణలో ఉన్నవారికి చూపుతారు. నిజమైన స్టేషన్‌లో తప్పు చేస్తే ప్రాణాలు పోతాయి. నమూనాలో తప్పు చేసి నేర్చుకోవచ్చు. గ్లాస్గోలో 18వ శతాబ్దంలో నమూనాకు ఉన్న బోధనా ప్రయోజనమే తార్నాకలో ఇప్పటికీ కొనసాగుతోంది.

నమూనాకు మరో ప్రయోజనం కూడా ఉంది. అది వైభవ ప్రదర్శన. ఏడో నిజాం రజతోత్సవ కానుకల్లో నగర భవనాల వెండి నమూనాలు ఉన్నాయి. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో వాటిని చూడవచ్చు. బోధించడానికి చేసిన నమూనాను, కానుకగా చేసిన నమూనాను ఒకే విధంగా చదవకూడదు. మొదటిది పనితీరును చూపుతుంది. రెండోది ఇచ్చినవారికీ, పుచ్చుకున్నవారికీ ఉన్న సంబంధాన్ని చూపుతుంది.

6. ఇత్తడి నమూనా నిర్మాణం

6.1 ఇత్తడి ఎందుకు?

ఇత్తడి రాగి, తుత్తునాగాల మిశ్రమం. పలుచని రేకుగా సాగుతుంది. రంపంతో, ఆకురాయితో తేలికగా లొంగుతుంది. ఇనుములా తుప్పు పట్టదు. అన్నింటికంటే ముఖ్యంగా టంకం చక్కగా పడుతుంది.

తెలుగు ప్రాంతాలకు ఈ లోహం కొత్త కాదు. సికింద్రాబాదు-కాజీపేట మార్గంలో జనగామకు ముందు వచ్చే పెంబర్తి, ఇత్తడి రేకు మీద ఉబ్బెత్తు పనికి ప్రసిద్ధి. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి, కంచు పాత్రలకు పేరుపొందింది. రేకును వెనుక నుంచి కొట్టి ముందువైపు రూపం తేలేలా చేయడం పెంబర్తి పనివారి విద్య. నమూనా ఇంజను మీద రివెట్ల తలలు తేల్చే పద్ధతి కూడా సూత్రరీత్యా ఇదే. టంకం, వెలిగారం, నవసాగరం, ఆకురాయి, పటకారు వంటి మాటలు కంచరుల, కంసాలుల ఇళ్లలో తరతరాలుగా ఉన్నాయి. సాంకేతిక విషయాన్ని తెలుగులో చెప్పలేమనే అభిప్రాయానికి ఈ పదాలే జవాబు.

ఒక జాగ్రత్త అవసరం. నిజంగా ఆవిరితో నడిచే నమూనాకు ఇత్తడి బాయిలరు పనికిరాదు. వేడినీటి తాకిడికి ఇత్తడిలోని తుత్తునాగం క్రమంగా తొలగి లోహం బలహీనమవుతుంది. అందుకే అటువంటి బాయిలర్లను రాగితో చేసి వెండి టంకంతో అతుకుతారు. ఇక్కడ మనం చర్చించేది విద్యుత్ మోటారుతో నడిచే లేదా ప్రదర్శనకు ఉంచే నమూనా గురించి.

6.2 కొలత

మొదట నిర్ణయించవలసింది పరిమాణ నిష్పత్తి. మన దేశపు బ్రాడ్ గేజ్ వెడల్పు 1676 మి.మీ., మీటర్ గేజ్ వెడల్పు 1000 మి.మీ. ప్రపంచంలో ఎక్కువగా వాడే 1:87 నిష్పత్తిలో బ్రాడ్ గేజ్ 19.3 మి.మీ. అవుతుంది. బజారులో దొరికే పట్టాల వెడల్పు 16.5 మి.మీ. ఎందుకంటే ఆ పట్టాలు ఐరోపా, అమెరికాల 1435 మి.మీ. ప్రామాణిక గేజ్ ఆధారంగా చేసినవి. వాటి మీద మన ఇంజను నిలబెడితే కాళ్లు దగ్గరగా పెట్టుకున్న మనిషిలా కనిపిస్తుంది.

1:32 నిష్పత్తిలో మీటర్ గేజ్ 31.25 మి.మీ. అవుతుంది. బజారులో 32 మి.మీ. పట్టాలు దొరుకుతాయి. తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు. అందువల్ల ప్రాంగణం పక్కగా నడిచిన మీటర్ గేజ్ రైలును చూపదలచినవారికి 1:32 అనుకూలమైన నిష్పత్తి.

స్వాతంత్ర్యానంతరం మీటర్ గేజ్ ప్రయాణికుల రైళ్లకు ప్రామాణికంగా నిలిచిన వైపీ తరగతి ఇంజనును ఉదాహరణగా తీసుకుందాం. తరగతి పేరులో ‘వై’ మీటర్ గేజ్‌కు, ‘పి’ ప్రయాణికుల రైలుకు గుర్తు. దీని నడిపే చక్రం వ్యాసం 1372 మి.మీ. 1:32లో ఇది 42.9 మి.మీ. అవుతుంది.

పొడవు 32వ వంతుకు తగ్గితే వైశాల్యం 1024వ వంతుకు, ఘనపరిమాణం 32,768వ వంతుకు తగ్గుతాయి. 60 టన్నుల ఇంజనును అదే లోహాలతో యథాతథంగా తగ్గించామనుకుంటే బరువు సుమారు 1.8 కిలోలు మాత్రమే ఉంటుంది. వాట్ నమూనా ఆగిపోవడానికి మూలం కూడా ఈ లెక్కలోనే ఉంది.

6.3 తయారీ క్రమం

మొదటి దశ, ఫ్రేమ్. రెండు పొడవైన ఇత్తడి పలకలను టంకంతో తాత్కాలికంగా ఒకదానికొకటి అతికి, రెండింటికీ కలిపి ఒకేసారి రంధ్రాలు వేస్తారు. తరువాత విడదీస్తారు. ఇలా చేస్తే కుడి, ఎడమ పలకల్లో ఇరుసుల స్థానాలు తేడా లేకుండా వస్తాయి. ఫ్రేమ్ వంకరగా ఉంటే తరువాత ఎంత అందంగా చేసినా ఇంజను నడవదు.

రెండో దశ, చక్రాలు, కడ్డీలు. నడిపే చక్రాలను కలిపే కడ్డీలో రంధ్రాల మధ్య దూరం, ఇరుసుల మధ్య దూరం సమానంగా ఉండాలి. కుడివైపు క్రాంక్, ఎడమవైపు క్రాంక్ ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాతో అమర్చాలి. అసలు ఇంజనులో దీనికి కారణం ఉంది. ఒకవైపు పిస్టను చివరకు చేరి తోయలేని స్థితిలో ఉన్నప్పుడు రెండోవైపు పిస్టను మధ్యలో ఉండి పూర్తి బలంతో తోస్తుంది. అందువల్ల ఇంజను ఎక్కడ ఆగినా మళ్లీ బయలుదేరగలదు.

మూడో దశ, బాయిలరు. ఇత్తడి రేకును గుండ్రంగా చుట్టి లేదా తగిన గొట్టం తీసుకుని బాయిలరు చేస్తారు. రివెట్లు ఉండవలసిన చోట రేకు చదునుగా ఉన్నప్పుడే వెనుక నుంచి సూది మొనతో సమాన దూరంలో గుర్తులు కొడతారు. చుట్టిన తరువాత ఆ పని చేయడం కుదరదు. ఇప్పుడు చాలామంది ఎచింగ్ చేసిన రేకులు వాడుతున్నారు. రేకు మీద వెలుతురుకు స్పందించే పూత పూసి, గీసిన బొమ్మను దాని మీదికి దించి, ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచితే అక్కరలేని లోహం కరిగిపోతుంది.

నాలుగో దశ, టంకం. ఒకే వేడికి కరిగే టంకం అన్నిచోట్లా వాడితే కొత్త భాగం అతికేటప్పుడు పాతది ఊడిపోతుంది. అందుకే పెద్ద అతుకులకు ఎక్కువ వేడికి కరిగే టంకం, తరువాతి చిన్న భాగాలకు తక్కువ వేడికి కరిగేది వాడతారు. తగరం 63, సీసం 37 పాళ్లలో కలిసిన టంకం 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. అతుకు వేసే ముందు రేకును శుభ్రంగా తోమి ఫ్లక్స్ రాయాలి. పని అయ్యాక నీటితో కడగాలి. కడగకపోతే కొద్ది రోజుల్లో పచ్చని చిలుము పడుతుంది. సీసం ఉన్న టంకంతో పనిచేసేటప్పుడు గాలి ఆడే చోట కూర్చోవాలి, చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకూడదు.

7. వివరాల అమరిక: ఆధారాల పరీక్ష

ఆకారం పూర్తయ్యాక పైపులు, దీపాలు, మెట్లు, చేతికడ్డీలు, ఈల, నంబరు పలక వంటివి అమర్చాలి. చాలామంది దీన్ని అలంకారం అనుకుంటారు. నిజానికి చరిత్ర విద్యార్థికి అసలు పని ఇక్కడే మొదలవుతుంది. ప్రతి చిన్న భాగమూ ఒక కాలాన్ని సూచిస్తుంది.

(అ) తేదీ నిర్ణయం. ఇంజను జీవితకాలంలో బాయిలరు మారుతుంది, దీపాలు మారతాయి, రంగు మారుతుంది. ‘వైపీ ఇంజను నమూనా’ అని చెబితే సరిపోదు. ఏ నంబరు ఇంజను, ఏ సంవత్సరంలో, ఏ షెడ్డులో అని చెప్పాలి. 1949 తరువాత వచ్చిన వైపీ మీద నిజాం గ్యారంటీడ్ రైల్వే అక్షరాలు రాస్తే అది చారిత్రక దోషం. 1966 అక్టోబరుకు ముందటి నమూనా మీద దక్షిణ మధ్య రైల్వే పేరు రాయడం కూడా అటువంటిదే.

(ఆ) పొంతన. ముందు విద్యుత్ దీపం పెడితే దానికి కరెంటు ఎక్కడిది? ఆవిరితో తిరిగే చిన్న జనరేటరు ఇంజను మీద ఎక్కడో ఒకచోట ఉండాలి. దానికి ఆవిరి తెచ్చే పైపు, వైరు వెళ్లే గొట్టం కూడా ఉండాలి. దీపం పెట్టి జనరేటరు మరిచిపోయిన నమూనా, రాజు పేరు రాసి రాజ్యం పేరు మరిచిన శాసనం వంటిది. అలాగే మన బ్రాడ్ గేజ్ ఆవిరి ఇంజను ముందు రెండు పక్కల బఫర్లు, మధ్యలో స్క్రూ కప్లింగ్ ఉంటాయి. మీటర్ గేజ్ ఇంజనుకు మధ్యలో ఒకే బఫరు కప్లరు ఉంటుంది. ఒకదాని భాగం మరొకదానికి తగిలిస్తే తెలిసినవారు దూరం నుంచే గుర్తుపడతారు.

(ఇ) ఆధారాల తూకం. కర్మాగారపు డ్రాయింగు నమ్మదగినదే. అయితే అది చేయదలచిన రూపాన్ని చూపుతుంది. వర్క్‌షాపులో తరువాత జరిగిన మార్పులు అందులో ఉండవు. ఫోటో ఉన్న రూపాన్ని చూపుతుంది, కానీ ఒకవైపే చూపుతుంది. తేదీ లేని ఫోటో విలువ సగమే. దిమ్మె మీద నిలబెట్టిన ఇంజనును ముట్టుకుని కొలవవచ్చు. కానీ దిమ్మె ఎక్కించేటప్పుడు వేసిన రంగు, పోయిన భాగాల బదులు పెట్టిన భాగాలు పాతవి కావు. పనిచేసినవారి జ్ఞాపకం ఏ పైపు దేనికో చెబుతుంది. సంవత్సరాల విషయంలో మాత్రం పొరబడవచ్చు. ఒక వివరానికి కనీసం రెండు భిన్నమైన ఆధారాలు దొరికినప్పుడే దాన్ని నిశ్చయంగా తీసుకోవాలి.

(ఈ) రంగు. కొందరు సేకర్తలు ఇత్తడి మెరుపును అలాగే ఉంచుతారు. పనితనం కనబడుతుందన్నది వారి వాదన. చరిత్ర దృష్టితో చూస్తే మెరిసే పసుపు ఇంజను ఏ షెడ్డులోనూ లేదు. నల్లరంగు, మసి, నీళ్లు కారి ఎండిన తెల్లని చారలు కూడా ఆధారాలే. ఉప్పునీటి ప్రాంతంలోనో, గట్టినీరు వాడిన చోటనో నడిచిన ఇంజను మీద ఆ చారలు ఎక్కువ.

నమూనాతోపాటు ఒక పుస్తకం కూడా తయారుచేయాలి. అందులో ప్రతి భాగానికి ఎదురుగా దానికి ఆధారం ఏమిటో రాయాలి. ఊహతో పెట్టిన భాగాలను ఊహ అని స్పష్టంగా గుర్తించాలి. ఆ పుస్తకం లేని నమూనా ఎంత అందంగా ఉన్నా తరువాతి పరిశోధకుడికి అక్కరకు రాదు. పాదసూచికలు లేని గ్రంథంతో దాన్ని పోల్చవచ్చు.

8. నమూనా చెప్పలేని చరిత్ర

నమూనాకు పరిమితులు ఉన్నాయి. 1:32 పరిమాణంలో డ్రైవరు క్యాబు అరచేతిలో ఇమిడిపోతుంది. ఫైర్‌బాక్స్ తలుపు తెరిచినప్పుడు ముఖానికి కొట్టే వేడి అందులో ఉండదు. కదిలే ఇంజనులో నిలబడి పారతో బొగ్గు వేసిన ఫైర్‌మన్, చల్లారిన బాయిలరు లోపల దూరి మట్టిపెచ్చులు గోకిన ఖలాసీ, రివెట్ల మోతకు చెవుడు వచ్చిన బాయిలర్‌మేకర్ ఎవరూ దాని మీద కనబడరు. ఇంజను పేరుపలక మీద కట్టిన కంపెనీ పేరు ఉంటుంది. దాన్ని దశాబ్దాల పాటు నడిపి, బాగుచేసినవారి పేర్లు ఉండవు.

1883లో అఘోరనాథ్ అడిగిన ప్రశ్న కూడా నమూనాలో కనిపించదు. ఈ యంత్రానికి ఎవరు డబ్బు పెట్టారు, ఎవరికి వడ్డీ ముట్టింది, ఎవరిని అడిగి ఒప్పందం చేశారు? ఇత్తడి ఎంత సూక్ష్మంగా మలచినా ఈ ప్రశ్నలకు జవాబు దస్త్రాల్లోనే దొరుకుతుంది.

అందువల్ల నమూనాను ఒంటరి ఆధారంగా తీసుకోకూడదు. దానిని దస్త్రంతో, మౌఖిక చరిత్రతో కలిపి చదవాలి. నమూనా ఒక గొప్ప మేలు చేస్తుంది. ఆవిరి కాలంలో పనిచేసిన ఒక పెద్దాయన ముందు కాగితం, కలం పెట్టి ‘మీ అనుభవాలు చెప్పండి’ అంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకు తోచకపోవచ్చు. కొలతల ప్రకారం చేసిన నమూనా పెట్టి ‘ఈ పైపు ఇక్కడ ఉండేదా?’ అని అడిగితే జవాబు సూటిగా వస్తుంది. దాని వెంట ఆ పైపు పగిలిన రాత్రి, ఆనాటి ఫోర్‌మన్, ఆ నెల జీతం గురించిన మాటలు కూడా వచ్చే అవకాశం ఉంది. ఆవిరి షెడ్లలో పనిచేసిన తరం వృద్ధాప్యంలో ఉంది కనుక ఈ పనికి మిగిలిన సమయం తక్కువ.

9. సారాంశం

యంత్రాల చరిత్రకు రాతపూర్వక ఆధారాలతోపాటు భౌతిక ఆధారాలు అవసరం. గ్లాస్గోలోని నమూనా జేమ్స్ వాట్‌కు కొత్త ఆలోచన ఇచ్చింది. సాగా నమూనా జపాన్‌లో నేర్చుకునే పద్ధతిని చూపింది. హైదరాబాదులో రైల్వేలు 1874 నుంచి విస్తరించాయి. 1883 ఒప్పందం రాజకీయ వివాదానికి దారితీసింది. తార్నాక పరిసరాల్లోని లాలాగూడ వర్క్‌షాపు, ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఇరిసెట్ ఈ చరిత్రలోని భిన్న పార్శ్వాలకు ప్రతినిధులు. ఇత్తడి నమూనా తయారీలో కొలత, ఫ్రేమ్, చక్రాలు, బాయిలరు, టంకం ప్రధాన దశలు. వివరాల అమరికలో తేదీ, పొంతన, ఆధారాల తూకం పాటించినప్పుడే నమూనా చరిత్ర ఆధారంగా నిలుస్తుంది. శ్రమ, పెట్టుబడి, అధికారం వంటి విషయాలకు ఇతర ఆధారాలను ఆశ్రయించాలి.

10. ముఖ్య పదాలు

గేజ్: రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం.
టంకం: లోహభాగాలను అతకడానికి కరిగించి వాడే మిశ్రమలోహం.
ఫ్లక్స్: అతుకు పడేచోట లోహం మీది మలినాన్ని తొలగించే పదార్థం. సంప్రదాయ పనిలో వెలిగారం, నవసాగరం ఇందుకు వాడతారు.
క్రాంక్: పిస్టను ముందువెనుకల కదలికను చక్రపు భ్రమణంగా మార్చే భాగం.
గ్యారంటీ పద్ధతి: రైల్వే కంపెనీ పెట్టుబడికి నిర్ణీత వడ్డీ వస్తుందని ప్రభుత్వం హామీ ఇచ్చే విధానం.

11. మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. గ్లాస్గో నమూనా త్వరగా ఆగిపోవడానికి కారణం ఏమిటి?
జవాబు: చిన్న సిలిండరులో ఘనపరిమాణంతో పోలిస్తే గోడల వైశాల్యం ఎక్కువ కావడం, ఇత్తడి వేడిని త్వరగా కోల్పోవడం.

2. మీటర్ గేజ్ నమూనాకు 1:32 నిష్పత్తి ఎందుకు అనుకూలం?
జవాబు: 1000 మి.మీ. గేజ్ 31.25 మి.మీ. అవుతుంది. అది దొరికే 32 మి.మీ. పట్టాలకు దాదాపు సమానం.

3. 1955 నాటి ఇంజను నమూనా మీద దక్షిణ మధ్య రైల్వే పేరు రాయవచ్చా?
జవాబు: రాయకూడదు. ఆ రైల్వే 1966లో ఏర్పడింది.

12. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. యంత్ర నమూనాను చరిత్ర ఆధారంగా ఉపయోగించడంలోని ప్రయోజనాలను, పరిమితులను చర్చించండి.
2. 1874 నుంచి 1966 దాకా హైదరాబాదు ప్రాంత రైల్వేల పాలనలో వచ్చిన మార్పులను వివరించండి.

II. క్రింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. చాందా రైల్వే పథకం వివాదం
2. పెంబర్తి రేకు పనికి, నమూనా ఇంజను నిర్మాణానికి ఉన్న పోలిక
3. డ్రాయింగు, ఫోటో, జ్ఞాపకం: మూడు ఆధారాల బలాబలాలు

III. క్షేత్ర అభ్యాసం
మీ ఊరికి దగ్గరలో దిమ్మె మీద ఉంచిన ఆవిరి ఇంజను ఉంటే వెళ్లి చూడండి. దాని గేజ్, చక్రాల సంఖ్య, కప్లింగ్ రకం, పలక మీది సంవత్సరం రాసుకోండి. అసలు భాగాలు ఏవో, తరువాత చేర్చినవి ఏవో మీ కారణాలతో రెండు వరుసల పట్టికగా రాయండి. ఇంజను దొరకనివారు రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒకరిని కలిసి, ఒకే ఒక యంత్రభాగం గురించి వారు చెప్పింది రెండు పేజీల్లో నమోదు చేయండి.